అర మాత్ర ఆలస్యం

టేపు రికార్డరు పట్టుకుని ఒకాయన వచ్చాడు.
మా మేనత్త ఆర్డెల్ మీద పుస్తకం రాస్తాడట.
తాళం కన్నా అర మాత్ర వెనక నడిచే ఆ గొంతు
ఏ గురువు దగ్గర నేర్చిందని అడిగాడు.
కాఫీ పోశాను. కాసేపు ఏమీ చెప్పలేదు.

కాన్సస్ సిటీలో పశువుల దొడ్ల వెనక
రెండు గదుల చెక్క ఇల్లు.
పడమటి గాలి తిరిగిందంటే
ఆరేసిన దుప్పట్లకి నెత్తురు వాసన.
తాత హోషియా ప్రూయిట్
కబేళా నేలమాళిగలో పచ్చి తోళ్ళకి ఉప్పు పట్టించేవాడు.
తోలు మీద తోలు, మధ్యలో పారలకొద్దీ ఉప్పు,
రోజుకి పదకొండు గంటలు.
వేళ్ళ సందుల్లో పగుళ్ళు, పగుళ్ళలో మళ్ళీ ఉప్పే.
ఆయన తుంచిచ్చిన రొట్టెకి
వేరే ఉప్పు అక్కర్లేదని నానమ్మ నవ్వేది.
కంపెనీ ఉప్పు తిన్నామని మేమెప్పుడూ అనుకోలేదు.
కంపెనీయే ఆయన్ని ఉప్పేసుకుని తింది.

"అయితే చర్చిలో నేర్చుకుందా? వాళ్ళమ్మ పాడేదా?"
ఆయన కలం అప్పటికే కాగితం మీద ఉంది.
నానమ్మ వర్నీస్ తెల్లవాళ్ళ చొక్కాలకి గంజి పెట్టేది.
ఇస్త్రీ పెట్టె సెగ చూడ్డానికి
దాని మీద ఉమ్మేది, ఆ చుయ్ మనే చప్పుడొకటే
ఆవిడ శృతిలో చేసిన చప్పుడు.
"నువ్వు మనసులో పాడుకో తల్లీ" అని
పాస్టరుగారే చెప్పాడు, అందరి ముందూ.

మా నాన్న ఏమోస్, అత్తకి రెండేళ్ళు పెద్ద.
నత్తి.
కొన్ని అక్షరాల దగ్గర లోపల్నించి ఎవరో గడియ వేసేవాళ్ళు.
మెడ నరాలు ఉబ్బి, కళ్ళు పైకి తేలి,
కొట్టు ముందు వరస మొత్తం వాడి నోటికేసి చూసేది.
"నీకు తెలుసుగా పిల్లా, నువ్వు చెప్పవే" అనేవాడు కొట్టతను.
"తెలుసు. అడగమంది వాణ్ణి."
ఆరేళ్ళది, పిండి బస్తాకి ఆనుకుని
మాట బయటికొచ్చేదాకా నించునేది.
తోడబుట్టిన వాడి మాట
తను పూర్తి చేసి ఎరగదు.

ఒక జనవరిలో తాత కుడిచెయ్యి మోచేతి దాకా వాచింది.
పనికి రాలేడని గేటు దగ్గర చెప్పి రావాలి,
లేదంటే ఆ చోటు ఇంకొకరిది.
నాన్న వెళ్ళాడు. వెనకే అత్త, తల్లి శాలువా నేల మీద ఈడ్చుకుంటూ.
గేటు దగ్గర గడియ పడింది.
ఎంతకీ తీయరాలేదు.
మేస్త్రీ గడియారం బయటికి తీశాడు.
అప్పుడు మా నాన్న
ఆదివారం పాటల్లోంచి ఒక వరస దొరకబుచ్చుకుని
పాడేశాడు:
మా నాన్న రాలేడయ్యా, చెయ్యి వాచింది, సోమవారం వస్తాడు.
పాటలో నత్తి ఉండదు కదా.
కత్తులు నూరుకుంటున్న మగవాళ్ళంతా
పొట్టలు పట్టుకున్నారు.
ఆర్డెల్ అందుకుంది.
అవే మాటలు, అదే వరస, అర మాత్ర వెనకగా.
ఆ నవ్వు ఇద్దరి మీదా పడాలని.

తాత చోటు ఎలాగూ పోయింది. చెయ్యి కూడా, మార్చికల్లా.

పదిహేడేళ్ళప్పుడు అరువు చెప్పుల్లో మొదటి క్లబ్బు.
డ్రమ్ములతను కర్రలు కింద పడేసి
తాళం ఎక్కడ పారేశావన్నాడట.
"పారెయ్యలేదు, ముందో మనిషి నడుస్తున్నాడు" అందట.
ఏమైనా తాగిందేమోనని వాసన చూశాడు.

ఆవిడ పాట రేడియోలో వచ్చిన రాత్రులు
నాన్న దీపం తగ్గించి దగ్గరికి జరిగేవాడు.
పెదాలు కదిలేవి, శబ్దం లేకుండా,
ఎక్కడా తడబడకుండా,
ప్రతి మాటా ఆవిడ కన్నా పిసరంత ముందు.
వెనకే ఆవిడ వచ్చేది.

ఇదంతా చెబుదామని నోరు తెరిచేసరికి
ఆయన టేపు అయిపోయింది.
తిప్పి పెట్టుకోబోతే రీలు చిక్కుపడింది.
క్షమించాలి, క్షమించాలి అంటున్నాడు పాపం, చెమటలు పడుతూ.
ఫరవాలేదన్నాను.
మా ఇంట్లో ఆగడం అందరికీ వచ్చు.